చౌక చేపల వేపుడు

రోడ్డు పక్క హోటళ్లలో తక్కువ ధరకు దొరికే చేపల వేపుడు చాలాచోట్ల శీలావతిదే, అంటే ఉత్తరాదివారు రోహు అని పిలిచే మంచినీటి చేపదే. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో బొచ్చెతో కలిపి దీన్ని విరివిగా పెంచి, ఐసులో పేర్చి లారీలకెత్తడం వల్లనే సముద్రం ఎరుగని ఊళ్లలో సైతం ఇది సామాన్యుడికి అందుతోంది. కొరమీను రుచిలో మిన్న అయినా ఈ ధరకు రాదు. శీలావతి కండలో వెన్నెముకకు అంటకుండా చీలిన సన్నని ముళ్లు ఉంటాయి కాబట్టి, దీన్ని తొందరగా తినడం కుదరదు, అదీ ఒకందుకు మేలే. అల్లంవెల్లుల్లి, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి ఊరనిచ్చిన ముక్కను పెనం మీద కొద్ది నూనెతో నిదానంగా కాలిస్తే తోలు కరకరలాడి, లోపలి కండ పొరలు పొరలుగా విడివడుతుంది. కార్న్‌ఫ్లోర్ దట్టంగా పూసి మూకుడు నూనెలో ముంచితీసిన ముక్కలో పైపూత రుచే తప్ప చేప రుచి తెలియదు. ఎర్రరంగు కలిపితే పాత ముక్క కూడా కంటికి తాజాగానే తోస్తుంది, కాబట్టి రంగును కాక వాసనను నమ్మడం, పదేపదే మరిగి నల్లబడిన నూనె మూకుడులో కనిపిస్తే పప్పన్నంతో సరిపెట్టుకోవడం ఉత్తమం.