వాలు మీద నిలిచిన కారు – శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో ఒక పూట

2023 మే నెలలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రానికి వెళ్ళే అవకాశం నాకు కలిగింది. మా పశ్చిమ గోదావరి నుండి వెళ్ళి అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఒక సహోదరుని ఇంట్లో బస చేశాను. ఊరి నుండి ఆయన తల్లిగారు కూడా అంతకు ముందు నెలలోనే వచ్చి ఉన్నారు. ఆమెకు డెబ్బది ఏళ్ళు దాటాయి. మోకాళ్ళ నొప్పులు. అయినా కొడుకు ఉండే దేశాన్ని కళ్ళారా చూడాలని అంతదూరం వచ్చారు.

ఒక శనివారం ఉదయం మమ్మల్ని శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి తీసుకొని వెళ్ళాడు ఆ సహోదరుడు. చెరువు గట్టు, కాలువ గట్టు తప్ప వేరే ఎత్తు ఎరుగని డెల్టా మనుషులం మేము. ఆ ఊరి వీధులు చూచి నిజంగా భయపడ్డాము. కొండ ఎక్కడానికి మన దగ్గర ఘాట్ రోడ్డు వేస్తారు. సింహాచలం వెళ్ళినా, అరకు వెళ్ళినా దారి మెలికలు తిరుగుతూ మెల్లగా పైకి పోతుంది. ఇక్కడ అలా కాదు. 1847లో జాస్పర్ ఓఫారెల్ అనే సర్వేయరు గళ్ళ కాగితం మీద గీసినట్లు వీధులు తిన్నగా గీశాడు. మధ్యలో కొండ వచ్చినా గీత వంగలేదు. కనుక వీధి నిచ్చెన వేసినట్లు కొండ మీదికి పోతుంది.

ఫిల్బర్ట్ వీధిలో ఒకచోట వాలు నూటికి 31.5 పాళ్ళు. అంటే నేల మట్టాన వంద అడుగులు ముందుకు పోయే సరికి 31న్నర అడుగులు పైకి ఎక్కుతామన్నమాట. లోంబార్డ్ వీధిలో ఒక భాగం 27 పాళ్ళ వాలు. అక్కడ బళ్ళు దిగలేకపోతున్నాయని 1922లో దానిని ఎనిమిది మెలికలుగా మార్చి ఇటుకలు పరిచారు. ఇప్పుడు దానిని చూడడానికే జనం వస్తారు. కొన్ని వీధుల్లో కాలిబాటనే మెట్లుగా కట్టారు. వెనుకటి రోజుల్లో ఈ రాళ్ళ వీధుల్లో గుర్రాలు బండ్లు లాగలేక జారిపడేవట. అది చూచి జాలిపడి ఆండ్రూ హాలిడీ అనే ఆయన నేల క్రింద తిరిగే ఇనుప తాడు పట్టుకొని నడిచే బండిని ఆలోచించాడని చెబుతారు. 1873 ఆగస్టులో క్లే వీధిలో దానిని మొదట నడిపారు. ఆ కేబుల్ కార్లు మూడు దారుల్లో నేటికీ నడుస్తున్నాయి. గంట గణగణ మ్రోగించుకుంటూ పోతుంటే మన అమ్మగారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నానికి నాబ్ హిల్ అనే కొండ మీద ఉన్న గ్రేస్ కెథడ్రల్ చూడాలని బయలుదేరాము. కొండ నెత్తిన చోటు దొరకలేదు. చివరికి ప్రక్కనున్న ఒక నిటారు వీధిలో, ముందుభాగం ఎత్తువైపు ఉండేలా, కుడిచేతి అంచున కారు ఆపాడు సహోదరుడు. ఆపిన వెంటనే చక్రాలను రోడ్డువైపు త్రిప్పాడు. ఎందుకని అడిగాను. నూటికి మూడు పాళ్ళు మించిన వాలు మీద ఆపితే చక్రం త్రిప్పి పెట్టడం ఆ ఊరి చట్టమట. ఎత్తువైపు చూస్తూ ఆపితే చక్రాలు రోడ్డువైపు, పల్లంవైపు చూస్తూ ఆపితే కాలిబాటవైపు తిప్పాలి. బ్రేకు వదిలినా చక్రం వెళ్ళి కాలిబాట అంచుకు ఆనుకొని బండి ఆగుతుంది. మన లారీ క్లీనర్లు చక్రం క్రింద రాయి పెడతారు కదా, అదే ఉపాయం.

అంతవరకు బాగానే ఉన్నది. ఇబ్బంది తలుపు దగ్గర వచ్చింది.

ఆ కారు తలుపులు మోటారుతో తెరుచుకుంటాయి. మీట నొక్కితే చాలు, ఎవరో పనివాడు తీసినట్లు తలుపు తనంతట తాను తెరుచుకుంటుంది. మోకాళ్ళు నొప్పిగల తల్లికి సుఖంగా ఉంటుందనే ఆ కారు కొన్నాడట. ఇంటి ముందు చదును నేల మీద అది చక్కగానే పనిచేసేది. ఇక్కడ మీట నొక్కగానే తలుపు సగం తెరుచుకొని ఆగింది. అమ్మగారు అలవాటు చొప్పున ఒక కాలు బయటపెట్టారు. మోటారు ఒక్క క్షణం మూలిగింది. పట్టు వదిలింది. తలుపు వాలుకు వెనుకకు వచ్చి ఆమె కాలికి తగిలింది.

"అయ్యగారూ, నా కాలు!" అని ఆమె కేక వేశారు. వెనుక కూర్చున్న నేను తొందరగా దిగబోతే నా తలుపూ అదే విధంగా బరువుగా ఉన్నది. భుజంతో నెట్టి దిగి, ఆమె తలుపును రెండు చేతులా పట్టుకున్నాను. చర్మం కమిలింది గాని ఎముకకు ఏమీ కాలేదు. అయితే ఆమె ముఖం పాలిపోయింది. "ఒరే నాన్నా, నన్ను ఇంటికి తీసుకుపోరా, నాకేమీ చూడాలని లేదు" అన్నారు. కొడుకు తలవంచుకొని నిలబడ్డాడు. తల్లి కోసం కొన్న వస్తువే తల్లిని గాయపరచిందని అతని బాధ.

ఇందులో లోపమెక్కడ అని మేమిద్దరం తరువాత ఆలోచించాము. విషయం మన పల్లె ఇండ్లలో ఎరిగినదే. ద్వారబంధం కాస్త ఒరిగితే ఏమవుతుంది? తీసిన తలుపు నిలువదు, తనంతట తానే మూసుకుంటుంది. మరోవైపు ఒరిగితే మూసిన తలుపు తెరుచుకుంటుంది. కారు తలుపు కీళ్ళు దాని ముందు అంచున ఉంటాయి. తెరిచేటప్పుడు తలుపు బరువంతా వెనుక నుండి ముందుకు జరుగుతుంది. కారు ముందుభాగం ఎత్తువైపు ఉంటే ఆ బరువును కొండ ఎక్కించినట్లే. తలుపు 30 కిలోలు అనుకుందాం. నూటికి 20 పాళ్ళ వాలు మీద అది ఆరు కిలోల బరువు వ్రేలాడదీసినట్లు వెనుకకు లాగుతుంది. పల్లంవైపు చూస్తూ ఆపితే ఇదంతా తారుమారు. తలుపు చేయి జారి విసురుగా తెరుచుకొని దారినపోయే వారికి తగలవచ్చును. అక్కడ కొన్ని వీధుల్లో కార్లను అడ్డంగా ఆపిస్తారు. అప్పుడు ఎత్తువైపు తలుపు బరువెక్కుతుంది, పల్లంవైపు తలుపు పడిపోయినట్లు తెరుచుకుంటుంది. ప్రక్కకు జరిగే తలుపులున్న పెద్ద బళ్ళలో తలుపు వెనుకకు జరుగుతుంది గనుక, ముందుభాగం పల్లంలో ఉన్నప్పుడే తెరవడం కష్టం.

మరి మోటారుకు ఆ మాత్రం బలం లేదా? బలం ఉన్నా దానికి హద్దు పెట్టి ఉంటారు. పిల్లల వ్రేళ్ళు నలగకుండా, ప్రక్క బండికి తగలకుండా, అనుకున్నదాని కంటే ఎక్కువ అడ్డు తగిలితే ఆగిపొమ్మని దానికి నేర్పుతారు. వాలు లాగే లాగుడును అది మనిషి అడ్డుగా పొరబడుతుంది. కొన్ని బళ్ళలో నేల వాలును కనిపెట్టే పరికరం పెట్టి, దానికి తగినట్లు బలం పెంచుతారు. అయినా మరీ నిటారు చోట్ల చేయి సాయం తప్పదు.

కొంతసేపటికి అమ్మగారు కుదుటపడ్డారు. "ఇంతదూరం వచ్చి గుడి చూడకుండా పోతామా" అని ఆమే లేచారు. ఈసారి కొడుకు తలుపును తన నడుముతో ఆపి, రెండు చేతులూ చాపి తల్లిని దింపుకున్నాడు.

ఆ దేవాలయపు తూర్పు ద్వారానికి కంచు తలుపులున్నాయి. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో గిబెర్తి అనే శిల్పి 1425 నుండి 1452 వరకు చేసిన తలుపులకు అవి నకళ్ళు. ఆదాము హవ్వలు మొదలుకొని సొలొమోను, షేబ రాణి వరకు పాత నిబంధన కథలు పది పలకల మీద ఉన్నాయి. అమ్మగారు చదువుకోలేదు. అయినా నోవహును, అబ్రాహామును, దావీదును బొమ్మలలో తానే గుర్తుపట్టి మాకు చెప్పారు. కాలి నొప్పి మరచిపోయారు. ఆ మెట్ల మీద ఆమె ఎంతసేపు నిలబడ్డారో నేను లెక్కపెట్టలేదు.

ప్రియ చదువరులారా, మోటారు తలుపుల బళ్ళు మన పట్టణాలలోకి కూడా వస్తున్నాయి. బిడ్డలు విదేశాలలో ఉన్న పెద్దలు చాలామంది అటువంటి బళ్ళు ఎక్కుతున్నారు. కనుక మూడు మాటలు చెప్పి ముగిస్తాను. దిగేముందు నేల ఎటు వాలి ఉన్నదో చూచుకోండి. వాలు మీద ఆగితే మీట నొక్కి ఊరుకోక, ఎవరైనా బయట నిలిచి తలుపు పట్టుకున్న తరువాతనే కాలు బయట పెట్టండి. మోటారు పనిచేయకపోతే చేతితో తీసే పిడి ఎక్కడున్నదో బండి ఎక్కినప్పుడే అడిగి తెలుసుకోండి.

సాయంత్రం తిరిగి వచ్చి కారు ఎక్కేటప్పుడు కొడుకు మళ్ళీ తలుపు పట్టుకొని నిలబడ్డాడు. అమ్మగారు అతని భుజం మీద చేయివేసి, "ఇంటి దగ్గర కూడా నువ్వే తీయరా, ఆ మీట వద్దు" అన్నారు. అతడు సరేనన్నాడు. నేను అక్కడున్న మిగతా పది రోజులూ ఆ మాట తప్పలేదు.