పిస్టనుల యెంపిక

గత వేసవి సెలవులలో అమెరికా దేశమున మిషిగను రాష్ట్రమందున్న నా తమ్ముని యింట ఆరు వారములు గడపితిని. ఆ దేశపు వింతలను గూర్చి వ్రాయుమని తోడి యుపాధ్యాయులు కోరిరి గాని, నా మనస్సు నాకర్షించినది తమ్ముని కారుషెడ్డులో జరుగుచుండిన పని. అతడు 1970వ సంవత్సరపు షెవ్రొలే నోవా కారొకటి తన తొలి జీతముల పొదుపుతో కొని, కన్నబిడ్డవలె కాపాడుకొనుచున్నాడు. దాని ఇంజనును విప్పి మరల కట్టవలసివచ్చెను. నిష్పత్తి యను మాట వినగానే యావులించు విద్యార్థులు దీనిని తప్పక చదువుదురు గాక!

సోమవారమున కార్యాలయమునకు పోయిన కారే శనివారమున పందెపుబాటమీద పరుగెత్తుట అచ్చటి యువకుల వేడుక. బాట పొడవు పావుమైలు, అనగా 1320 అడుగులు. ఇట్టి పందెములను వీధులనుండి తప్పించి క్రమమైన బాటలకు చేర్చుటకై 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషను ఏర్పడెను. నా తమ్మునికిని ఈ వేడుక కలదు. కాని వారమునకు అయిదు దినములు అతనిని పనికి చేర్చునదియు ఆ కారే.

షెవ్రొలేవారి యీ జాతి ఎనిమిది సిలిండరుల ఇంజను 1955లో పుట్టినది. 350 ఘనపుటంగుళముల పరిమాణము 1967లో వచ్చినది. సిలిండరు వ్యాసము 4 అంగుళములు, పిస్టను నడక 3.48 అంగుళములు. తమ్ముని ఇంజనులో ఒక సిలిండరు గోడపై లోతైన గీత పడియుండెను. కావున ఎనిమిదింటిని 0.030 అంగుళము పెద్దవిగా బోరు చేయింపవలెను. తీసిన లోహము మరల రాదు. ఈ బ్లాకు సాధారణముగా 0.060కి మించి సహింపదు. అది కారుతో పుట్టిన బ్లాకు, దానికి బదులు లేదు. బోరింగు షాపు పెద్దాయన నియమ మొకటి నాకు మిక్కిలి నచ్చినది: మొదట పిస్టనులు తెచ్చి యియ్యవలెను, ఒక్కొక్క దానిని కొలిచి, దాని సిలిండరును దానికి తగినట్లు సానపట్టును.

ఇక తగవు మొదలైనది. తమ్ముని కుమారునికి పదునేడేండ్లు. తల యుబ్బెత్తుగా నున్న పిస్టనులే కావలెనని వాని పట్టు. "పెదనాన్నగారూ, మీరు లెక్కల మాస్టారు గదా, నాన్నకు మీరైనా చెప్పండి" అనెను. లెక్క వేయుదమంటిని. పిస్టను క్రిందనుండి పైకి వచ్చునప్పుడు త్రోయు ఘనపరిమాణము సిలిండరునకు 727 ఘన సెంటీమీటర్లు. హెడ్డులోని గుంట 64; గాస్కెట్టు మందమును, పిస్టనుపై మిగులు సందును కలిపి రమారమి 14. వాల్వులకు గంట్లుపెట్టిన చదునుతల పిస్టనైనచో మరియొక 5 చేరి మొత్తము 83 అగును. 727నకు 83 కలిపి 83చే భాగింపగా 9.8 వచ్చును. ఇదియే సంపీడన నిష్పత్తి. తల 7 ఘన సెంటీమీటర్లు ఉబ్బినచో 71 మిగిలి, నిష్పత్తి 11.2 అగును. 12 మేర గిన్నెవలె లోపలికి దిగినచో 9.1.

ఎక్కువ నొక్కిన ఎక్కువ శక్తి యను మాట నిజమే. కాని అచ్చట బంకులో దొరకు మేలైన పెట్రోలు 93 ఆక్టేనుది. ఇనుప హెడ్డులు గల ఇంజనులో 11కు మించి నొక్కినచో, నిప్పురవ్వ రేపిన మంట చేరకముందే మిగిలిన మిశ్రమము తనంతట భగ్గుమని యంటుకొని పిస్టనును సుత్తివలె మోదును. వాల్వులను ఆలస్యముగా మూయు క్యాము వేసిన ఈ బాధ కొంత తగ్గునని కుఱ్ఱవాడు వాదించెను. అది తెలివిలేని వాదము కాదు. కాని అట్టి క్యాముతో ఎఱ్ఱదీపమువద్ద నిలిచినప్పుడెల్ల ఇంజను వణకుచుండును. చదునుతల నిశ్చయమయ్యెను.

లోహము మాటయో? దేవాలయపు గంట పోతపోసినది, క్రిందపడిన పగులును. రాగిబిందె కొట్టి చేసినది. పడిన సొట్టపోవునే గాని పగులదు. పిస్టనులలోను పోతవియు, ఒత్తి చేసిన ఫోర్జుడువియు కలవు. సిలికాను నూటికి పదియాఱు పాళ్లకు పైబడిన హైపర్‌యూటెక్టిక్ పోత పిస్టను వేడికి తక్కువ వ్యాకోచించును, గోడతో 0.002 అంగుళము సందున్న చాలును, వెల తక్కువ. సిలికాను దాదాపు లేని 2618 అను ఫోర్జుడు లోహము మిక్కిలి మొండిది, కాని వ్యాకోచ మెక్కువ. 0.004 సందు విడువవలెను; ఏప్రిలు చలి వేకువలలో వేడెక్కువఱకు టకటకలాడును. పండ్రెండు పాళ్ల సిలికాను గల 4032 ఈ రెంటికి నడిమిది.

నా మతమున హైపర్‌యూటెక్టిక్ పిస్టనులే చాలును. నిమిషమునకు 6000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క పిస్టను సెకనునకు రెండువందల మార్లు ఆగి వెనుదిరుగును. ఆ మాత్రమునకు అవి నిలుచును. రింగు కొనలమధ్య తయారీదారు చెప్పిన పెద్దసందు విడిచిన చాలును. తమ్ముడు తల యూపి, "అన్నా, పోత పిస్టను విఱిగితే ముక్కలై బ్లాకును చీల్చిపోతుంది. నేను అధికంగా ఇచ్చే డబ్బు పిస్టనుకు కాదు, బ్లాకుకు" అనెను. నా లెక్కలో బ్లాకు వెల లేదు, అతని లెక్కలో కలదు. 4032 కొనబడెను. క్రొత్తవి పాతవానికంటె తేలికయగుటచే క్రాంకును మరల తూకము సరిచేయింపవలసివచ్చెను. ఆ ఖర్చును వదిన మరది లెక్కలలో వ్రాయుట మఱచెనని మరదలు నవ్వెను.

నేను తిరిగివచ్చిన నెలకు కుఱ్ఱవాని యుత్తరము వచ్చినది. హెడ్డు గుంటలు నిజముగా 64 అగునో కావో చూడవలెనని, గాజుపలకతో మూసి, బ్యూరెట్టునుండి రంగునీరు పోసి, ఎనిమిదింటిని కొలిచెనట. సగటున 66 తేలెను. అప్పుడు నిష్పత్తి 9.6 అగుచున్నది, సరిచూడండని వ్రాసెను. సరిచూచితిని, 9.55 వచ్చినది.