ఐరన్ గోట్ ట్రైల్: పట్టాలు లేని రైలు దారి

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కాస్కేడ్ పర్వతాల మీద స్టీవెన్స్ కనుమకు పడమటి వాలున ఉన్న కాలిబాట ఐరన్ గోట్ ట్రైల్. ఒకప్పుడు ఇది గ్రేట్ నార్దర్న్ రైల్వే ప్రధాన మార్గం. ఆ కంపెనీ అధిపతి జేమ్స్ జె. హిల్ 1893 నాటికి సెయింట్ పాల్ నుంచి సియాటిల్ దాకా వేయించిన దారి ఈ కనుమ మీదుగానే పోయింది. ఆ కంపెనీ చిహ్నమైన కొండమేకే ఈ బాటకు పేరిచ్చింది. 1929లో 12.5 కిలోమీటర్ల కొత్త సొరంగం తెరిచాక రైళ్లు అటు మళ్లాయి. పాత దారి అడవిలో కలిసిపోయింది. స్వచ్ఛంద కార్యకర్తలు పొదలు కొట్టి, రాళ్లు తొలగించి 1993లో దాన్ని మళ్లీ నడవడానికి తెరిచారు.

ఇలాంటి దారుల మీదే జియోక్యాచింగ్ రక్తి కడుతుంది. ఒకరు దాచిన డబ్బాను మరొకరు జీపీఎస్ అంకెలు పట్టుకుని వెతికే ఆట ఇది. పౌరులకు అందే జీపీఎస్ సంకేతంలో కావాలని కలిపే తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో ఆపేసింది. వెంటనే పొరుగున ఉన్న ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ ఒక బకెట్ దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు ప్రకటించాడు. దొరికినవారు అందులోని పుస్తకంలో సంతకం చేయాలి, ఒక వస్తువు తీసుకుంటే బదులుగా మరొకటి పెట్టాలి.

సియాటిల్ పక్కనున్న రెడ్మండ్, బెల్‌వ్యూల నుంచి లెవెన్‌వర్త్ పట్టణం చూడబోయే తెలుగు కుటుంబాలు రెండో నంబరు హైవే మీద ఈ బాట పక్క నుంచే పోతాయి. పడమటి కొస మార్టిన్ క్రీక్. రైలు ఎత్తు అందుకోవడానికి ఇక్కడ గుర్రపునాడాలా మెలిక తిరిగేది. అందుకే దారి కింద ఒకటి, పైన ఒకటిగా రెండు వరుసలు. చెట్ల గుబురు, నిటారు కొండ కలిసి జీపీఎస్ చూపే చోటును మీటర్ల కొద్దీ జరిపేస్తాయి. ఇక్కడ ఫోను కన్నా మైలుగుర్తులు నయం. తెల్లటి ఆ స్తంభాల మీది అంకె సెయింట్ పాల్ నుంచి ఉన్న దూరం, అది 1,700 మైళ్లు దాటుతుంది. విండీ పాయింట్ దాటాక మంచుచరియల నుంచి పట్టాలను కాపాడిన కాంక్రీటు గోడలు నాచు పట్టి ఇంకా నిలిచి ఉన్నాయి.

ఆ గోడలు ఆలస్యంగా వచ్చాయి. 1910 ఫిబ్రవరి చివర ఒక ప్రయాణికుల రైలు, ఒక తపాలా రైలు ఈ దారిలోని వెల్లింగ్టన్ అనే ఊళ్లో మంచుకు చిక్కి రోజుల తరబడి కదలలేదు. రైలును వెనక్కి, అప్పటి పాత సొరంగంలోకి జరపమని ప్రయాణికులు అడిగినా అధికారులు ఒప్పుకోలేదు. కొందరు ప్రాణాలకు తెగించి కాలినడకన దిగిపోయారు. మార్చి 1న అర్ధరాత్రి దాటాక మంచుచరియ విరుచుకుపడి రెండు రైళ్లనూ టై నది లోయలోకి నెట్టింది. 96 మంది చనిపోయారు. పై వాలున చెట్లను కార్చిచ్చు అప్పటికే మింగేసింది, మంచును ఆపేది ఏదీ మిగల్లేదు. 1914లో రాష్ట్ర సుప్రీంకోర్టు దీన్ని మానవశక్తికి మించిన ప్రమాదంగా చూసి కంపెనీకి అనుకూలంగా తీర్పిచ్చింది. మంచు కురవడం ఎవరి చేతిలోనూ లేదు, నిజమే. బోడి వాలు కింద రైళ్లను నిలిపి ఉంచింది మాత్రం మనుషులే. ఊరి పేరును కూడా కంపెనీ టై అని మార్చేసింది, పేరు మారిస్తే టిక్కెట్లు కొనేవాళ్లు మరిచిపోతారన్నట్టు.

ఇప్పుడు వెల్లింగ్టన్‌లో ఊరు లేదు. కాంక్రీటు కప్పు, సమాచార ఫలకాలు ఉన్నాయి. తీసుకో, పెట్టు అనే ఆట నియమం ఇక్కడ చెల్లదు. ప్రభుత్వ భూముల్లో నూరేళ్లు దాటిన పురావస్తువులకు 1979 నాటి చట్టం రక్షణ ఉంది, తుప్పు పట్టిన ఇనుప ముక్కను కూడా జేబులో వేసుకోకూడదు. డబ్బాలను నేలలో పాతడాన్ని ఆట నియమాలే ఒప్పుకోవు. కాబట్టి ఈ చోటికి తగినది ఫలకాల మీది సంవత్సరాలను, మైలుగుర్తుల అంకెలను కూడి తర్వాతి మజిలీ కనుక్కునే బహుళ దశల ఆట. 1900లో పూర్తయిన పాత సొరంగం దాకా బాట పోతుంది. లోపల నీళ్లు, రాలే రాళ్లు ఉండటంతో ప్రవేశం నిషిద్ధం; వెతికేవారు ముఖద్వారం దగ్గరే వెనుదిరగాలి.