పుస్తకంలో బాగానే ఉన్న పెద్దమ్మ



ఆ మధ్య ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల్లో, గురువారం రాత్రి నుంచి వాలంటీర్లకు శిక్షణ మళ్ళీ మొదలుపెడుతున్నామని చెప్పాను. వెనక వరుసలో ఒక పెద్దాయన లేచి, "నెలకెంత ఇస్తారయ్యగారూ?" అన్నాడు. గుడంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. 2019 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో వాలంటీరు అంటే 50 ఇళ్ళకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం, పొద్దున్నే పింఛను తెచ్చి గుమ్మంలో ఇచ్చే మనిషి. ఆ ఏర్పాటు ఇప్పుడు లేదు. మాట మాత్రం మిగిలింది.

దాచుకోవడమెందుకు, ఫిబ్రవరిలో మొదటిసారి శిక్షణ పెట్టినప్పుడు నేను కూడా ఆ పద్ధతినే దించాను. ఇంటర్, డిగ్రీ చదివిన ఆరుగురు పిల్లల్ని ఎంచాను. ఒక్కొక్కరికి పన్నెండు ఇళ్ళు. శుక్ర, శనివారాలు, పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా తరగతులు. మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలు, చివర్లో ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్లు. ఒక్కొక్కరికి గీతలు కొట్టిన పుస్తకం ఇచ్చాను. ఇంటి పేరు, వారం, ఆరోగ్యం, ప్రార్థన మనవి. బాగుంటే టిక్కు. ఆ పుస్తకాలు చూసుకుని మురిసిపోయాను కూడా. పట్నం సంఘాల్లో కూడా ఇంత పద్ధతి ఉండదనుకున్నాను.

శ్రమదినాల చివరి వారంలో, గుడికి రాలేని పెద్దవాళ్ళకు ఇంటి దగ్గరే సంస్కారం ఇవ్వడానికి బయలుదేరాను. మన పక్క ఊళ్ళో పేట చివర ఒంటరిగా ఉండే ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె నా జాబితాలో లేదు. దారిలో ఇల్లు కనపడింది గనక పలకరిద్దామని ఆగానంతే. పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా ఎనిమిది వారాలకు ఎనిమిది టిక్కులు ఉన్నాయి.

ఆమె మంచంలో ఉంది. బోరింగు దగ్గర జారిపడి తుంటి పట్టేసింది. ఫిబ్రవరి నుంచీ లేవలేదు. పక్కింటామె పొద్దున్నే మిరపకోతకు పోయేముందు ఇంత గంజి, రాత్రి వచ్చాక ఇంత అన్నం పెట్టి, ఒళ్ళు తుడిచి, చీర మార్చి, ఆ రెండు నెలలూ ఆమెను బతికించింది. నేను రొట్టె, పాత్ర స్టూలు మీద సర్దుతుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నది: "నా పేరు కొట్టేశారనుకున్నా అయ్యగారూ. సంవత్సరం నుంచి చందా కట్టలా గదా."

నాకు నోట మాట రాలేదు. దెబ్బ తగిలి మంచంలో ఉన్న మనిషి రెండు నెలలపాటు అనుకున్నది అదీ. సంఘం మర్చిపోయిందని కాదు, డబ్బు కట్టలేదని తీసేసిందని.

నేను బయటికి వస్తుంటే పక్కింటామె గుమ్మంలో నిలబడి, ఎవరితోనో అన్నట్టు, "పుస్తకాల్లో పెద్దమ్మ బాగానే ఉందంట. మళ్ళీ అయ్యగారు రావడమెందుకో" అన్నది. నాకు చాలా కోపం వచ్చింది. ఇంటికొచ్చి మా ఇంట్లోవాళ్ళతో కూడా, "చూశావా ఎట్టా సణుగుతుందో" అన్నాను. సణుగుడు అనే మాట నా నోట్లోనుంచి వచ్చాక గానీ అది ఎక్కడ చదివానో గుర్తు రాలేదు.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం ఆ మాటతోనే మొదలవుద్ది. శిష్యుల సంఖ్య పెరుగుతోంది. అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడేవాళ్ళ విధవరాళ్ళను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగుడును అణచలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. ఆ ఏడు పేర్లు ఈసారి నెమ్మదిగా చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఎవరి వైపు నుంచి ఫిర్యాదు వచ్చిందో, బల్ల దగ్గర పంచే పని వాళ్ళ చేతికే అప్పగించినట్టుంది. ఇన్నేళ్ళుగా ఈ భాగం మీద ప్రసంగాలు చెబుతున్నాను. నా ఆరుగురిలో కూలికి పోయే ఇంటి మనిషి ఒక్కరూ లేరన్నది మాత్రం అప్పుడే కనపడింది.

ఆ పుస్తకం రాసిన అబ్బాయిని పిలిచి అడిగాను. ఏడ్చాడు. అబద్ధం రాయలేదు వాడు. ప్రతి శనివారం హైదరాబాదులో ఉన్న పెద్దమ్మ మనవడికి ఫోన్ చేసేవాడు. "బాగానే ఉంది" అని అతను చెబితే టిక్కు పెట్టేవాడు. వీలుకాకపోతే ఫోన్‌లో కనుక్కున్నా చాలని శిక్షణలో చెప్పింది ఎవరు? నేనే. అందుకని ఆ తప్పు వాడి ఖాతాలో వెయ్యలేను.

తర్వాత పక్కింటామె దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగి, వాలంటీరుగా రమ్మన్నాను. "నాకు చదువు రాదయ్యగారూ. అయినా తెల్లారి ఐదింటికి ఆటో ఎక్కాల. మీ పదింటి క్లాసులకు ఎవరొస్తారు?" అన్నది. ఫిబ్రవరిలో, పల్నాడులో, మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, పగలు శిక్షణ పెట్టిన పాస్టరును నేను. ఎవరు రాగలరో ఆ వేళతోనే నిర్ణయమైపోయింది.

మన పెద్దలు ఇంతకంటే తెలివిగా చేశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు, బిషప్పులుండే పద్ధతి మనకు ఆంగ్లికన్ వైపు నుంచి వచ్చింది. ఆ వైపు మన తెలుగు నేల మీద పెద్ద పేరు దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య గారిది. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత, ఎవరి చెయ్యి వాళ్ళ తల మీదే పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత ఇక తమదేనని పలికించేవాడు. వాళ్ళలో చాలామంది అక్షరం ముక్క రాని కూలీలు. వాళ్ళకు సర్టిఫికెట్ ఎవరిచ్చారు?

మన గురజాల సంగతి కూడా మర్చిపోకూడదు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు 1849లో అక్కడికి వచ్చేసరికి యాభై దాటినవాడు. అంతకు రెండేళ్ళ ముందు అమెరికాలో వైద్యం చదివి పట్టా తెచ్చుకున్నాడు. ఆ వయసులో మళ్ళీ బళ్ళో కూర్చున్నాడంటే నాకు కొంచెం సిగ్గేస్తుంది, కొంచెం ధైర్యమూ వస్తుంది.

ఇప్పుడు శిక్షణ గురువారం రాత్రి ఎనిమిదింటికి, గుడి వసారాలో. అన్నాలు తిని వచ్చేవాళ్ళు వస్తారు, తినకుండా వచ్చేవాళ్ళకు ఉప్మా ఉంటుంది. మొదటి వారం పదకొండు మంది వచ్చారు. అందులో ఏడుగురు ఆడవాళ్ళు, కూలి పని చేసేవాళ్ళే. ఇద్దరిద్దరిని జతగా పంపుతున్నాం, ప్రభువు పంపినట్టే. పక్కింటామెకు జతగా ఆ అబ్బాయినే వేశాను. ఆమె చూస్తుంది, వాడు రాస్తాడు. వాడే అడిగి ఆ జతలో చేరాడు.

మొదటి వారం ఒక్కటే నేర్చుకున్నాం, ఇంటికి వెళ్ళి కూర్చోవడం. నిలబడి ప్రార్థన చేసి వచ్చేయడం కాదు. సంస్కార ఆరాధనలో సమాధానం ఇచ్చేటప్పుడు ఒకరి చేతులు ఒకరి అరచేతుల మధ్య పెట్టుకుంటాం గదా, మంచంలో ఉన్నవాళ్ళ దగ్గర కూడా ముందు అదే చెయ్యాలి. తర్వాత అడగాలి: నిన్న ఏం తిన్నారు, మందులు ఎన్ని రోజులకున్నాయి, రాత్రి లేస్తే ఎవరు పడతారు. "బాగున్నారా" అని అడగొద్దన్నాను. దానికి మన ఊళ్ళో ఎవరైనా "బాగున్నా" అనే చెబుతారు. ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో చెప్పకూడదు. పిల్లలతో ఒంటరిగా తలుపు మూసిన గదిలో ఎవరూ ఉండకూడదు, నాతో సహా.

రెండో వారం పురుగుమందుల గురించి. పత్తి, మిరప కొట్టే ఊళ్ళల్లో ఇది ప్రార్థనంత అవసరం. మందు ఒంటి మీద పడితే తడిసిన బట్టలు వెంటనే విప్పాలి, సబ్బుతో ఎక్కువ నీళ్ళు పోసి కడగాలి. మందు కడుపులోకి పోతే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకూడదు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. మందు సీసా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. సీసా మీద త్రికోణం ఎర్రగా ఉంటే అది అన్నిటికంటే విషమని ఒక నర్సమ్మ చూపించింది. ఉప్పునీళ్ళ మాట దగ్గర ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకో నేను అడగలేదు.

టిక్కుల పుస్తకం తీసేశాను. దాని బదులు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కో జతను ఒకటే అడుగుతున్నాను: ఈరోజు ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు. తెలియకపోతే తెలియదని చెప్పమన్నాను. మొన్న నాలుగు జతలు తెలియదనే అన్నాయి. ఆ సాయంత్రం నాలుగు ఇళ్ళకూ వెళ్ళాం.

ఈ గురువారం వడదెబ్బ, పాముకాటు గురించి. నర్సమ్మ మళ్ళీ వస్తున్నారు. ఎవరింట్లోనైనా పాత దుప్పట్లు ఉంటే తెండి, మనిషిని మోసుకెళ్ళడం నేర్పుతారట.

పెద్దమ్మకు నరసరావుపేటలో ఎక్స్‌రే తీయించాం. ఎముక విరగలేదు. చేతికర్రతో నాలుగడుగులు వేస్తోంది. వచ్చే ఆదివారం ఆటోలో గుడికి వస్తానన్నది. ముందు వరుసలో, ఫ్యాను కింద చోటు ఉంచండి. చందా సంగతి ఎవరూ ఎత్తొద్దు.