తీగలేని మెఱుపు

ఛాయాచిత్రమనగా వెలుతురుతో వ్రాయబడిన చిత్రము. వ్రాయువానికి కలమెట్టిదో ఛాయాచిత్రకారునకు వెలుతురట్టిది. అయినను మనలో పెక్కండ్రు కెమెరాను గూర్చి విచారింతురే గాని వెలుతురు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో విచారింపరు. మన పాఠశాలా ఛాయాచిత్ర సంఘమువారమగు మేము ఈ సంవత్సరము ఆ విషయమును కొంత శ్రద్ధతో అభ్యసించితిమి. మేము తెలిసికొనిన దానిని తోడి విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుటయే ఈ వ్యాసోద్దేశము.

చీకటిలో చిత్రము తీయుటకు మనుష్యులు చిరకాలము శ్రమపడిరి. 1887లో జర్మనీ దేశమున మెగ్నీషియము పొడిని చేర్చిన మెఱుపు చూర్ణము వెలువడెను. దానిని అంటించినప్పుడు వెలుతురుతోపాటు పొగయు, అగ్నిభయమును కలుగుచుండెను. పిమ్మట ఒక్కసారి మాత్రమే వెలుగు గాజు బుడ్లు వచ్చెను. 1930వ దశకమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునందు హెరాల్డ్ ఎడ్జర్టన్ గారు విద్యుత్తుచే మరల మరల మెఱయు దీపమును అభివృద్ధి పఱచిరి. నేటి ఫ్లాష్ ఆ వంశములోనిదే. ఇందు కెపాసిటరు అను సాధనమున విద్యుత్తు నిలువజేయబడి, జినాన్ వాయువు గల చిన్న గాజుగొట్టముగుండ ఒక్కమాఱు విడువబడును. ఆ మెఱుపు సెకనులో వేయవ వంతుపాటైనను నిలుచుట అరుదు.

ఈ ఫ్లాష్ కెమెరా నెత్తిమీదనే యున్నచో చిక్కులు మూడు. వెలుతురు ఎదుటినుండి తిన్నగా పడుటచే ముఖమునందలి ఎత్తుపల్లములు మాసి, ముఖము అప్పడమువలె చదునై కనబడును. కంటిపాపలు ఎఱ్ఱబాఱును. కండ్లజోడు ధరించినవారి అద్దములు ఆ వెలుతురును మరల కెమెరాలోనికే త్రిప్పికొట్టి, కండ్లున్నచోట తెల్లని బిళ్లలను మాత్రమే చూపును.

ఈ మూడవ చిక్కే మమ్ము ఈ అభ్యాసమునకు పురికొల్పినది. మన వసతిగృహమున అనేక సంవత్సరములు వంటచేసి, ఎందఱో బాలురకు అన్నము వడ్డించిన పెద్దమ్మ ఈ యేడు పని విరమించి స్వగ్రామమునకు పోనుండెను. ఆమె కండ్లజోడు మిక్కిలి దళసరి. పాత సంచికలను తిరుగవేయగా ఆమె బొమ్మలు నాలుగు దొరకినవి. నాలుగింటను కండ్లు లేవు. రెండు తెల్లని చుక్కలు మాత్రమే యున్నవి. మఱునాడు ఉదయమే ఆమె ప్రయాణము. ఆ సాయంకాలము దాటినచో మరల అవకాశము లేదు.

ఫ్లాషును కెమెరానుండి దూరముగ పక్కకు జరిపినయెడల పై చిక్కులన్నియు తీఱును. కాని దూరముననున్న ఫ్లాషునకు "ఇప్పుడు మెఱయుము" అని చెప్పువారెవరు? తీగ కట్టవచ్చును గాని అది కాళ్లకు తగులును. కావున తీగలేని మార్గము లవలంబింపబడినవి. అందొకటి వెలుతురుచే సంజ్ఞ చేయుట. రెండవది రేడియో తరంగములచే సంజ్ఞ చేయుట.

ఈ సంజ్ఞ సరియైన క్షణమున అందవలెను. కెమెరాలోపల రెండు తెరలు కలవు. మొదటి తెర తొలగగా లోపలి ఫలకముపై వెలుతురు పడును. రెండవ తెర వచ్చి దానిని మూయును. మా సంఘమునకు పూర్వవిద్యార్థి యొకరు దయచేసిన కెమెరా 2008లో వెలువడిన నికాన్ డి90. అందు సాధారణముగ సెకనులో 200వ వంతు, లేక అంతకు నెమ్మదియైన వేగముననే ఫలకమంతయు ఒక్కమాఱు తెఱచియుండును. అంతకు వేగము హెచ్చించినచో రెండవ తెర ముందుగనే బయలుదేఱి, చిత్రమున కొంత భాగము నల్లని పట్టెయై పోవును. ఆ వేగములకు వేఱొక పద్ధతి కలదు గాని అందు ఫ్లాష్ బలము తగ్గును.

ఈ కెమెరాయొక్క చిన్న ఫ్లాష్ తానే నాయకత్వము వహింపగలదు. తెర తెఱచుటకు ముందే అది కొన్ని చిఱుమెఱుపులను పంపి ఎంత బలముతో మెఱయవలెనో దూరపు ఫ్లాషునకు తెలుపును. తెర తెఱచినంతనే ఆజ్ఞ యిచ్చును. రెండును ఒకే చానలునందుండవలెను. ఇందు చానళ్లు నాలుగు, గుంపులు రెండు. అంగళ్లలో చౌకగ దొరకు సామాన్యమైన వెలుతురు కన్ను ఈ భాష నెఱుగదు. అది మొదటి చిఱుమెఱుపు కనబడగనే తన ఫ్లాషును వెలిగించివేయును. తెర తెఱచునప్పటికి వెలుతురు వ్యయమైపోవును. అట్టిదానిని వాడువారు కెమెరా ఫ్లాషును మాన్యువల్ పద్ధతిలో నుంచవలెను. అప్పుడు ముందు మెఱుపులుండవు.

ఆ సాయంకాలము భోజనశాలలో పెద్దమ్మను కుర్చీలో కూర్చుండబెట్టితిమి. వెలుతురు అద్దముపై ఏ కోణమున పడునో ఆ కోణముననే మరలునని భౌతికశాస్త్రమున చదివియుంటిమి గదా! అందుచే ఫ్లాషును ఆమెకు ఎడమవైపున, తలకంటె బాగుగ ఎత్తున బల్లపై బల్లవేసి నిలిపితిమి. తెల్లని దుప్పటినొకదానిని దానికి ముందు వ్రేలాడగట్టగా వెలుతురు మెత్తనయ్యెను. దూరము రెట్టింపైనచో వెలుతురు నాల్గవ వంతగును గనుక ఫ్లాషును నాలుగడుగులకంటె దూరము పోనీయలేదు. దాని తలను ఆమెవైపునకును, సంజ్ఞ గ్రహించు గవాక్షమును కెమెరావైపునకును త్రిప్పితిమి. కెమెరా వేగము సెకనులో 125వ వంతు.

మొదటి చిత్రమున అద్దపు అంచున చిన్న మెఱపు కనబడెను. ఫ్లాషును మఱి జానెడు పైకెత్తితిమి. రెండవ చిత్రమున అద్దములు నిర్మలముగ నుండెను. బుగ్గపై ముడుతలు, నుదుట బొట్టు, అద్దముల వెనుక రెండు కండ్లును చక్కగ కనబడెను. కెమెరా వెనుకనున్న చిన్న తెరపై ఆ చిత్రమును చూపగా పెద్దమ్మ కొంతసేపు చూచి, "ఇవి అచ్చంగా మా అమ్మ కళ్లే నాయనా" అనెను. ఆమె తల్లికి ఛాయాచిత్రమొక్కటియు లేదని అప్పుడే మాకు తెలిసినది. అచ్చువేయించిన ప్రతులు రెండు. ఒకటి ఆమెకు పంపితిమి, మఱియొకటి భోజనశాల గోడపై నున్నది.

ఈ విద్య నభ్యసింపగోరువారికి రెండు మాటలు. ఆరుబయట ఎండలో వెలుతురు సంజ్ఞ బలహీనమగును. ఫ్లాషునకును కెమెరాకును నడుమ అడ్డము వచ్చినను అది విఫలము కావచ్చును. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సాధనములకు ఈ యిబ్బంది తక్కువ. ఇటీవలి కెమెరాలలో పెక్కింటికి అంతర్గత ఫ్లాషే లేదు గావున వానికి రేడియోయే తగినది. ఇక బ్యాటరీలు నిండుగనున్నవో లేవో ముందే చూచుకొనవలెను. వీనికంటె ముఖ్యమైనది, చిత్రము తీయబోవు మనిషిని నిదానించి చూచుట. దీపమును ఎక్కడ నిలుపవలెనో ఆ ముఖమే చెప్పును. వచ్చు సంవత్సరము సంఘమున చేరదలచిన విద్యార్థులు శనివారములందు మమ్ము కలిసికొనవచ్చును. కెమెరా యొక్కటే యైనను దీపము పట్టుటకు చేతులు ఎన్నియైనను కావలెను.