మారుపేర్ల చిక్కు

మాయింట అమ్మమ్మగారు వ్రాసిన యుత్తరములు మున్నూటికిఁ బైగాఁ గలవు. వానిని ఛాయాచిత్రములుగాఁ దీయించి కంప్యూటరునందు దాఁచితిమి. ప్రతిరాత్రియు వాని ప్రతి నొకదానిని వేఱొక డిస్కునం దుంచి, మిక్కిలి పాతప్రతిని తీసివేయుటకై యొక ప్లగిన్‌ను తెచ్చుకొంటిమి. కొన్నినెలలు గడచినపిదపఁ జూడఁగా డిస్కు నిండిపోయి, క్రొత్తప్రతులు నిలిచిపోయి యున్నవి.

సోదరీమణులారా, ఇది షెల్‌లోని మారుపేర్ల చిక్కు. మన మక్షరములతో నిచ్చు నాజ్ఞల నందుకొని కంప్యూటరుచేఁ బనిచేయించునదియే షెల్. 1989లో వెలువడిన బాష్, 1990లో వెలువడిన జీ షెల్ ప్రసిద్ధములు, మాది రెండవది. బడి రిజిస్టరులోఁ బెద్దపేరున్న పిల్లను ఇంట బుజ్జి యని పిలుచునట్లు, ఇందు నాజ్ఞలకు మారుపేర్లు పెట్టుకొనవచ్చును. తొలగింపునకుఁ బనికివచ్చు ‘ఆర్‌ఎమ్’ అను నాజ్ఞకు ‘అడిగిన పిదపనే తొలగింపుము’ అను నర్థమును మేము తగిలించితిమి. పసిపిల్లలు మీటలు నొక్కు నింట నిది యవశ్యము గదా!

వేఱుగా నడచు స్క్రిప్టులకు మన మారుపేర్లు సామాన్యముగా నంటవు. ప్లగిన్ అట్లుగాక మన షెల్‌లోనికే వచ్చి చదువఁబడును. కావున నది పాతప్రతిని తీయఁబోవునపుడెల్ల ‘తొలగింపవచ్చునా?’ యను ప్రశ్న పుట్టెడిది. ప్లగిన్ కర్త యా ప్రశ్న తెరపైఁ గనఁబడకుండఁ జేసియుండెను! తెర యేల మిన్నకున్నదని మేము ఎంటర్ మీట నొక్కెడివారము. అది ‘వలదు’ అనుటగా నెన్నఁబడెడిది.

మా మేనల్లుఁడు ఫంక్షన్ లోపలనే మారుపేర్లను మాన్పు నాజ్ఞను వ్రాసి చూచెను. ఫలింపలేదు. ఏలయన, ఫంక్షన్‌ను చదువునపుడే మారుపేరు విప్పఁబడి యందు గడ్డకట్టును; నడచునపుడు కాదు. ఆజ్ఞకు ముందు బ్యాక్‌స్లాష్ గీఁత నుంచినచో మారుపేరు తగులదు. ‘కమాండ్’ అను మాట నుంచినను నంతే. ఎవరియింట నే మారుపేరున్నదో యెఱుఁగని ప్లగిన్ కర్తయే మొదట నా పని చేసియుండుట న్యాయము. మనము దిద్దినచోఁ గ్రొత్తకూర్పు వచ్చినపుడు మన దిద్దుబాటు తుడిచిపెట్టుకొనిపోవును.

తుదకుఁ జేసినది స్వల్పమే. ప్రారంభపు ఫైలులోఁ బ్లగిన్‌ను పిలుచు పంక్తిని పైకిఁ దెచ్చి, మారుపేర్లను దానిక్రింద వ్రాసితిమి. ప్లగిన్ చదువఁబడునప్పటికి మారుపేర్లే యుండవు. మా చేతి యాజ్ఞలకు మాత్రము రక్షణ యథాప్రకారము కలదు. అవసరమైనపుడే ఫంక్షన్లను తెచ్చుకొను ప్లగిన్లకు మాత్ర మీ యుపాయము చాలదు.

అయితే నిప్పు డా ప్లగిన్ అడుగకయే తొలగించును. అందుచేత నసలు ఉత్తరము లున్న డైరెక్టరీకి వ్రాయు ననుమతిని తీసివేసితిమి.