నాలుగింటి బస్సు, ఎనిమిదింటి కాంటెస్ట్

సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండ్ నుంచి ఉత్తరానికి రెండు దారులున్నాయి. ఒకటి కార్ఖానా, అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేటకు పోయే రాజీవ్ రహదారి. రెండోది బోయిన్‌పల్లి, సుచిత్ర, కొంపల్లి దాటి మేడ్చల్‌కు పోయే 44వ నంబరు జాతీయ రహదారి. పైన ఔటర్ రింగ్ రోడ్డు ఈ రెండింటినీ కలుపుతుంది. ఔటర్ ఆరో ఎగ్జిట్ మేడ్చల్, ఏడోది శామీర్‌పేట.

పొద్దున ఎనిమిదింటికి సుచిత్ర జంక్షన్‌లో నిలబడి చూడండి. వరసగా పసుపు రంగు కాలేజీ బస్సులే. కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న పిల్లలు, మెడలో ఐడీ కార్డులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మైసమ్మగూడ, కండ్లకోయ, గుండ్లపోచంపల్లి... ఇటువైపు ఇంజినీరింగ్ కాలేజీల బోర్డులు లెక్కపెట్టడం మొదలుపెడితే మేడ్చల్ వచ్చేలోపు లెక్క తప్పుతుంది.

శామీర్‌పేట దారి వేరేలా ఉంటుంది. హకీంపేట దగ్గర ఎయిర్‌ఫోర్స్ స్టేషన్, తర్వాత బండరాళ్ల గుట్టలు, చెరువు, జింకల పార్కు. 1998లో మొదలైన నల్సార్ లా యూనివర్సిటీ ఇక్కడే. ఇంకాస్త ముందుకెళ్తే తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ, కొవాగ్జిన్ తయారైన చోటు. ఈ దారిలోనే జవహర్‌నగర్ పరిధిలో బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఉంది. 2008లో వచ్చింది. పిలానీ, దుబాయ్, గోవా తర్వాత నాలుగోది. పిల్లలంతా హాస్టళ్లలోనే ఉంటారు. మన కథకి అసలు పాయింట్ ఇదే.

ఆ క్యాంపస్‌లో క్రక్స్ అని ఒక ప్రోగ్రామింగ్ క్లబ్ ఉంది. వాళ్లు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి, కాలేజీ కోర్సుల పోర్టల్‌ని ఫోన్లో చూసుకోవడానికి రాసిన సీఎంఎస్ యాప్. రెండోది క్రోనోఫ్యాక్టోరమ్. పేరు చూసి భయపడకండి, అది టైమ్‌టేబుల్ తయారు చేసుకునే వెబ్‌సైట్. బిట్స్‌లో ఏ కోర్సుకి ఏ సెక్షన్ అనేది స్టూడెంటే ఎంచుకోవాలి, క్లాసులు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోవాలి. చేత్తో చేస్తే తలనొప్పి. అది పడ్డవాళ్లే దానికి మందు రాసుకున్నారు. ఇంకా బాగున్న సంగతి, కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ తెరిచే ఉంది. బిట్స్ గేటు దాటకుండానే చదవచ్చు.

ఇక నేను చదివింది మేడ్చల్ రోడ్డులోని ఒక కాలేజీ. పేరెందుకులెండి. మాకూ కోడింగ్ క్లబ్ ఉండేది. పోస్టర్లు, వాట్సాప్ గ్రూపు, ప్రెసిడెంటు, ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు, అన్నీ ఉండేవి. మీటింగ్ మాత్రం సాయంత్రం నాలుగున్నరకి. కాలేజీ బస్సులేమో నాలుగూ పదికే కదులుతాయి. అది తప్పితే హైవే దాకా నడిచి, 229 పట్టుకుని సికింద్రాబాద్, అక్కణ్నుంచి ఉప్పలో, ఎల్బీనగరో. ఇల్లు చేరేసరికి ఎనిమిది. అమ్మాయిలకైతే ఇంట్లో ఒక్కసారి ఒప్పుకుంటే గొప్ప, ప్రతి బుధవారం అంటే కుదరదు. సెప్టెంబర్‌లో ఎనభై మందితో మొదలైన క్లబ్‌లో దసరా సెలవులయ్యాక మిగిలింది పదిమంది. అందరూ దగ్గర్లో రూములు తీసుకున్న అబ్బాయిలే. "ఇంట్రెస్ట్ ఉన్నోళ్లే మిగిలారు" అని సీనియర్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఇంట్రెస్ట్ కాదు అన్నా, రూమ్ ఉన్నోళ్లు మిగిలారు!

కోడ్‌ఫోర్సెస్ ఆడేవాళ్లకి ఇంకో సంగతి తెలుసు. అక్కడ చాలా కాంటెస్టులు మన టైమ్ ప్రకారం రాత్రి 8:05కి మొదలవుతాయి. హాస్టల్లో ఆ టైమ్‌కి నలుగురు ఒకే గదిలో లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటారు. కాంటెస్ట్ అయ్యాక "మూడో ప్రాబ్లమ్ ఎట్ల చేసినవ్?" అని క్యాంటీన్ దాకా వాదించుకుంటూ పోతారు. నేర్చుకునేది ఎక్కువగా ఆ వాదనలోనే. అదే టైమ్‌కి డే స్కాలర్ అప్పుడే బ్యాగు మూలన పడేసి కాళ్లు కడుక్కుంటూ ఉంటాడు.

రాత్రిపూట సంగతి కొత్తదేం కాదు. అమెరికాలోని ఎంఐటీలో 1946లో టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ అని బొమ్మ రైళ్ల క్లబ్ ఒకటి పెట్టారు. ఆ కుర్రాళ్లే తర్వాత కంప్యూటర్ల మీద పడ్డారు. పగలు పెద్దవాళ్ల పనులతో మిషన్ ఖాళీ ఉండదు, అందుకని రాత్రిళ్లు కూర్చునేవాళ్లు. తొలి వీడియో గేముల్లో ఒకటైన స్పేస్‌వార్ 1962లో వచ్చింది ఆ బ్యాచ్ నుంచే. వాళ్లకి నాలుగూ పదికి బస్సు లేదు మరి.

మా జూనియర్లు మాత్రం తెలివిగలవాళ్లు. మేం పాసై వచ్చేశాక మీటింగ్‌ని లంచ్ అవర్‌కి మార్చారు. నలభై నిమిషాలు, డబ్బా తింటూనే. వారానికి ఒకే ప్రాబ్లమ్. మిగతాది బస్సులో, ఫోన్లో. ఆ ఏడాది చివరిదాకా నిలిచినవాళ్లలో సగానికి పైగా అమ్మాయిలేనట. ల్యాబ్ మారలేదు, సార్లు మారలేదు. టైమ్ ఒక్కటే మారింది.

మొన్న మా చిన్నమ్మ కొడుకు ఇటే ఒక కాలేజీలో సీఎస్ఈలో చేరాడు. ఫోన్ చేసి అడిగాడు, "అన్నా, క్లబ్బుల చేరితే ఏమొస్తది? టాస్క్ ఇచ్చిండ్రు, గిట్ అంటున్రు, నాకైతే సమజైతలేదు."

వాడికి చెప్పిందే మీకూ చెప్తాను. టాస్క్ రౌండ్ అంటే పరీక్ష కాదు. చిన్న వెబ్ పేజీయో, సీలో చిన్న ప్రోగ్రామో చేయమంటారు. పూర్తి కాకపోయినా ఎక్కడిదాకా వచ్చారో, ఎక్కడ ఆగిందో నాలుగు లైన్లు రాసి పంపండి. సెలెక్ట్ చేసేవాడు సెకండియర్ పిల్లాడే, యూట్యూబ్ చూసి కాపీ కొట్టింది ఇట్టే పట్టేస్తాడు. ఇంగ్లీషు రాకపోతే తెలుగులో అడగండి. ఒకటికి రెండు క్లబ్బులు చాలు, ఐదింట్లో చేరితే టీ షర్టులు తప్ప ఏమీ రావు. సీజీపీఏ పోతుందని భయమైతే మిడ్ పరీక్షల ముందు వారం రానని ముందే చెప్పేయండి, ఎవరూ ఏమీ అనరు.

మీ కాలేజీలో క్లబ్ లేదా? హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఉంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద, తెలుగులో కంప్యూటర్ వాడకం మీద పనిచేస్తుంది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది. 2022 నుంచి స్టూడెంట్లే కానక్కర్లేదు, పద్దెనిమిదేళ్లు నిండి ఓపెన్ సోర్స్‌కి కొత్తవాళ్లైతే అప్లై చేయొచ్చు.

ఒక్కసారైనా అటువైపు వెళ్లి చూడాలనుకుంటే బిట్స్‌లో అట్మోస్ అనే టెక్ ఫెస్ట్ జరుగుతుంది, అప్పుడు వెళ్లండి. రిజిస్ట్రేషన్, ఐడీ కార్డు రూల్స్ ముందే చూసుకోండి. మేడ్చల్ వైపు వాళ్లకి 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాద్‌కి ఎంఎంటీఎస్ కూడా ఉంది, కానీ టైమింగ్స్ చూసుకునే బయల్దేరండి. శామీర్‌పేట చెరువు గట్టు మీద సాయంత్రం గాలి బాగుంటుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం జూబ్లీ బస్టాండ్‌కి ఆఖరి బస్సు ఎన్నింటికో కండక్టర్‌నే అడగండి, యాప్‌ని నమ్మకండి.